మా వదిన రాసిన ‘రుచి’

మా వదినకు పైన అంటించిన చీటీలంటే నమ్మకం లేదు. వంటింట్లో డబ్బా మీద చక్కెర అని రాసి ఉన్నా సరే, చిటికెడు నాలుక మీద వేసుకోనిదే టీలో కలపదు. ఈ అనుమానానికి కారణం నేనే. ఆవిడ మా ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, ఏదో సాయం చేస్తున్నాననుకుని చక్కెర డబ్బాలో ఉప్పు పోశాను. ఆ టీ తాగింది మా నాన్న. ఇరవై రెండేళ్లయినా ఆ కథ మా ఇంట్లో పాతబడలేదు.

ఆవిడ ఆసుపత్రిలో మందుల సీసాలకు చీటీలు టైపు చేసే ఉద్యోగంలో చేరింది. నలభై దాటాక అక్కడే నేను పనిచేసే కంప్యూటర్ గదికి బదిలీ అయింది. నాది డిగ్రీ చదువు, ఆవిడది చూసి నేర్చుకున్న చదువు. నా పాత పుస్తకాలు తీసుకెళ్లి, కూర మగ్గేలోపు రెండు పేజీలు చదివేది. ఆర్నెల్లు తిరక్కుండా సొంతంగా ఓ చిన్న పనిముట్టు రాసింది. నల్లటి తెర మీద ‘రుచి’ అని కొట్టి, పక్కన ఓ ప్రోగ్రామ్ పేరు ఇస్తే, ఏ కంప్యూటర్లో దాని వెర్షన్ ఎంతో వరుసగా చెబుతుంది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. మొత్తం కలిపి అరపేజీ.

"ఈ పనికి కమాండ్ ఉండనే ఉంది కదా వదినా, మళ్లీ ఇదెందుకు?" అన్నాను.

"అది డబ్బా మీద చీటీ చదువుతుంది. నాది మూత తీసి కూడా చూస్తుంది," అంది.

నవ్వేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఏడాది, మందుల మోతాదు లెక్కకట్టే ప్రోగ్రామ్‌లో ఓ లోపం బయటపడింది. ఒక్కోసారి అది ముందు చూసిన బిడ్డ బరువునే తర్వాతి బిడ్డకూ వేసి లెక్క చెప్పేది. తయారుచేసినవాళ్లు సరిచేసి కొత్త వెర్షన్ పంపారు. ముప్పై ఎనిమిది కంప్యూటర్లలోనూ నేనే ఎక్కించాను. ఒక్కొక్కటీ చూశాను, అన్నీ కొత్త వెర్షనే చూపించాయి. అయిపోయిందని పెద్ద డాక్టరుగారికి చెప్పి చేతులు దులుపుకున్నాను.

మర్నాడు పదకొండు గంటలకు వదిన ‘రుచి’ నడిపింది. ఒక్కో వరుసలో రెండేసి అంకెలు. ముప్పై ఏడు వరుసల్లో రెండూ ఒకటే. పిల్లల వార్డు వరుసలో మాత్రం వేరువేరు. ఎక్కించింది కొత్తది, నడుస్తున్నది పాతది.

అప్పుడు వెలిగింది నాకు. తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌ను మూసి మళ్లీ తెరిచేదాకా పాతదే నడుస్తుంది. మిగతా చోట్ల సాయంత్రం మూసేస్తారు. పిల్లల వార్డులో మూడు షిఫ్టులూ పనే, నెలల తరబడి దాన్ని ఎవరూ మూయరు. నాకది తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మోకాళ్ల నొప్పులని లిఫ్టు లేనిదే కదలని మనిషి, లిఫ్టు కోసం ఆగకుండా రెండంతస్తులు మెట్లెక్కింది. వెనకాల నేను.

నర్సు సిరంజి పట్టుకుని ఓ పసివాడి మంచం దగ్గరుంది. వాడు పుట్టి పన్నెండు రోజులు.

"సిస్టర్, ఆ మందు ఒక్క నిమిషం ఆపండి. కంప్యూటర్ లెక్క తప్పయ్యుండొచ్చు. చేత్తో ఓసారి కట్టి చూడండి," అంది వదిన. ఆయాసపడుతూ కూడా గొంతు పెంచలేదు.

నర్సు కాగితం మీద లెక్క కట్టింది. నమ్మలేక మళ్లీ కట్టింది. వీడి బరువు రెండు కిలోలు, అంతకుముందు చూసిన బిడ్డది పది. తెర మీది మోతాదు ఐదింతలుంది. నర్సు సిరంజిని ట్రేలో పెట్టేసింది.

"ఫ్యాన్ బాగుచేయడానికి వచ్చారామ్మా? పొద్దుట్నుంచీ ఒకటే చప్పుడు," అంది బిడ్డ తల్లి మాకేసి చూసి.

"బాగుచేసేవాళ్లకి చెబుతానమ్మా," అంది వదిన. ప్రోగ్రామ్ మూసి, తెరిచి, ‘రుచి’ మళ్లీ నడిపి, ఆ రెండంకెలూ ఒకటయ్యాకే అక్కణ్నుంచి కదిలింది.

నేను పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన అన్న మాటలేవీ సరిగ్గా చెవికెక్కలేదు. కళ్ల ముందు ఆ అరపేజీయే ఉంది. పిట్ట కొంచెం కూత ఘనం అని ఎన్నిసార్లు విన్నానో, ఆ కూతకు ఓ ప్రాణం నిలబడడం మాత్రం అప్పుడే చూశాను. ఇన్నేళ్ల నా చదువుకు తట్టని ప్రశ్న, ఉప్పు టీని మరిచిపోని మనిషికి తట్టింది. ఇంట్లో రోజూ చూసే మనిషే, ఆ రోజు తలెత్తి చూడాల్సి వచ్చింది.

నెల తర్వాత ఆ తల్లి బిడ్డను ఎత్తుకుని మా గది వెతుక్కుంటూ వచ్చింది. పిల్లాణ్ని ఆ పూటే ఇంటికి పంపిస్తున్నారట.

"మీ పుణ్యమా అని ఆ ఫ్యాన్ బాగుచేశారండీ. మావాడు హాయిగా నిద్రపోయాడు."

"ఇప్పుడెంత బరువున్నాడు?" అంది వదిన.

"మూడు కిలోలకు కాస్త తక్కువట. ఇందులో రాశారు," అంటూ ఆమె కాగితం అందించబోయింది.

వదిన కాగితం తీసుకోలేదు. "ఏదీ, వాణ్ని ఇలా ఇవ్వు," అని రెండు చేతులూ చాచింది.