మా శేషు, మిస్సోరీ జింక

నిన్న పొద్దున మిషిగన్‌లోని ట్రాయ్ నుంచి ఫోన్. మా మరదలు శారద.

"వదినా, చట్నీ తేవడానికి లోపలికి వెళ్ళానండీ. వచ్చేసరికి..."



మా తమ్ముడు శేషు పోయాడు.

ఇర్వింగ్‌లో మా అమ్మాయి కిచెన్‌లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఉప్మా మాడిపోయింది. నాకంటే చిన్నవాడు, నాకంటే ముందు వెళ్ళడమేమిటి? ఎప్పుడూ అంతే. ఏ క్యూలోనూ నా వెనక నిలబడిన పాపాన పోలేదు.

స్టవ్ కట్టేసి అడిగాను. "బాధపడ్డాడా?"

"లేదండీ. కుర్చీలో అలాగే ఉన్నారు. కప్పులో కాఫీ ఇంకా వేడిగానే ఉంది."

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఊపిరి వచ్చింది.

ఎందుకో చెప్తాను.

శేషు కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఆఫీస్ ఫ్రెండ్ ఒకాయన నేర్పితే విల్లుతో జింకల వేట పట్టుకున్నాడు. బ్యాక్‌యార్డ్‌లో ఫోమ్ జింకని నిలబెట్టి ఏళ్ళ తరబడి ప్రాక్టీస్. సీజన్ రాగానే అడవికి వెళ్ళడం, శారద కట్టిచ్చిన పులిహోర తిని వెనక్కి రావడం. ఒక్క జింకా పడలేదు. శారద మసాలా నూరినప్పుడల్లా చివరికి కోడే బలైంది.

"మిషిగన్ జింకలన్నీ కలిసి నీకు సన్మానం చేస్తాయిరా" అనేదాన్ని.

పోయిన వేసవిలో గుండె బాగా బలహీనపడింది. డాక్టరు ముందున్నదంతా దాచకుండా చెప్పాడు. ఆక్సిజన్, మంచం, నర్సులు. "ఎక్కడికైనా వెళ్ళాలనుంటే ఇప్పుడే వెళ్ళండి" అన్నాడు.

వాడికి చావంటే భయం లేదు. ఆ ఈడ్చుకోవడమంటేనే భయం.

అందుకే మిస్సోరీలో గైడ్‌తో వేట బుక్ చేసుకున్నాడు. "వదిన వెంట ఉంటేనే పంపిస్తా" అంది శారద. నేనా, జువాలజీ లెక్చరర్‌గా రిటైరైనదాన్ని. ఉద్యోగమంతా పిల్లల చేత కప్పల్ని కోయించి, అహింస మీద ఉపన్యాసమిచ్చే మొహం నాకు లేదు. బయల్దేరాను.

గైడ్ పేరు రే. నా బ్యాగ్ తెరవగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"మ్యామ్, వాట్ ఈజ్ దట్?"

"ఇంగువ."

జింకలకి ముక్కే ప్రాణమట. మనిషి వాసన తగిలితే ఆ దరిదాపులకి రావట. నా స్వెటర్లన్నీ కవర్లో మూట కట్టి ట్రక్కులో పడేశాడు. వాసన లేని సబ్బిచ్చి తలస్నానం చేసి రమ్మన్నాడు. వాళ్ళావిడ జాకెట్ తెచ్చి ఇచ్చాడు.

శేషు నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. "అక్కా, ఇన్నాళ్ళూ నా వేట చెడగొట్టింది శారద పోపుల డబ్బా అన్నమాట!"

సాయంత్రం పొలం గట్టున చెక్క గదిలో కూర్చున్నాం. చిన్న కిటికీ. గుసగుసలు కూడా నిషేధం. నేను అంతసేపు నోరు మూసుకున్నది జీవితంలో అదొక్కసారే.

మగజింక వచ్చింది. కుడి కొమ్ము కొస విరిగి ఉంది. శేషు నిదానంగా విల్లు లాగాడు. ఆ క్షణంలో వాడి చేతులు వణకలేదు. అది నేను చూశాను.

బాణం తగిలింది. కానీ గురి కంటే పైన, భుజం దగ్గర తగిలింది. జింక ఒక్క దూకు దూకి చెట్లలోకి మాయమైంది.

మర్నాడు రే కుక్కతో వెతికాడు. ఆకుల మీద కాసిని నెత్తుటి చుక్కలు. వాగు దాటాక అవీ లేవు. "ఊపిరితిత్తులకి పైన తగిలి ఉంటుంది, బతకొచ్చు" అన్నాడు రే. నా అనాటమీ కూడా అదే చెప్పింది. శేషు వినలేదు. పడిపోయిన మానొకటుంటే దానిమీద కూలబడ్డాడు.

"ఎక్కడో పడి మూలుగుతూ ఉంటాడక్కా."

"మూలిగేది నువ్వు. లే, చలి."

"పోతే గబుక్కున పోవాలి ఏ ప్రాణమైనా. నాకు ఏది రాకూడదని దణ్ణం పెట్టుకుంటున్నానో అదే వాడికి చేశాను."

లెక్చరేమీ దంచకుండా వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. నా సంగతి తెలిసినవాళ్ళు ఇది నమ్మరు.

మిగిలిన రోజులు విల్లు ముట్టుకోలేదు. ఇంటికి వెళ్ళాక గరాజ్‌లో పడేశాడు. సరిగ్గా నిద్రపోవట్లేదని శారద చెప్పేది. ఫోన్ చేస్తే జింక గురించే. చలిలో ఉందా, నడుస్తోందా, గాయం చీము పట్టిందా.

క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు నా ఫోన్ మోగింది.

"అక్కా! తింటున్నాడు!"

"ఎవర్రా?"

"వాడే! కొమ్ము విరిగినవాడు! రే ఫోటో పంపాడు!"

చెట్టుకి కట్టిన కెమెరాలో పడిందట. నాకూ పంపాడు. చేలో దర్జాగా మేస్తోంది. కుడి కొమ్ము కొస లేదు. భుజం మీద బొచ్చు ఊడిన మచ్చ.

"నీకంటే పుష్టిగా ఉన్నాడురా" అన్నాను.

దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపోయాడని శారద చెప్పింది. ఆ ఫోటో వాడి ఫోన్‌లో వాల్‌పేపర్ అయింది. అంతకుముందు అక్కడ పెళ్ళాం ఫోటో ఉండేది. శారద ఇవాళ్టికీ అది మర్చిపోలేదు.

డాక్టరు చెప్పిన మంచం రాలేదు. ఆక్సిజన్ రాలేదు. ఇడ్లీ, సగం కాఫీ, కిటికీలోంచి మంచు. అంతే. ఏం దణ్ణం పెట్టుకున్నాడో అదే దక్కింది.

రేపు ట్రాయ్ వెళ్తున్నాను. ఈసారి నా స్వెటర్లు ఎవరూ మూట కట్టరు. గోడ పట్టుకుని నవ్వేవాడూ లేడు. అది తలుచుకుంటేనే కళ్ళు మండుతున్నాయి.

దణ్ణం ఎమోజీ పెట్టి జారుకునేవాళ్ళు దయచేసి ఆగి, ఈ పోస్టు కింద శేషు గురించి ఒక్క వాక్యం రాయండి. శారద చదువుకుంటుంది.

శేషూ, నీ జింక చేలో మేస్తోందిరా. నువ్వింక నిశ్చింతగా పడుకో.