నాయన సంతకం పెట్టిన లారీ రసీదు

తప్పెవరిదో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. లారీ ఆఫీసోళ్లు చెప్పిందీ అర్థమయింది, కోర్టోళ్లు చెప్పిందీ అర్థమయింది. రెండూ కలిపి ఆలోచిస్తే మాత్రం తల గిర్రున తిరుగుతాది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మాది గుమ్మఘట్ట పక్క పల్లె. ఆ ఏడు నాయన శెనక్కాయ విత్తనం హుబ్బళ్లి నుంచి లారీలో తెప్పించినాడు. రెండు దినాల్లో చేరిపోతాదని లారీ ఆఫీసులో నోటిమాట చెప్పినారు. సరుకు బయలుదేరిన మర్నాడే మా ఊర్లో వాన పడింది. మామూలు వాన గాదప్పా, మట్టి పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యేంత తేమ, విత్తే పదునంటే అదీ! మా సీమలో అట్లాంటి వాన పడితే నాలుగైదు దినాల్లో విత్తేసేయాల. తర్వాత ఆ ఎర్రనేల మళ్లీ రాయే.

నాయన విత్తే గొర్రు సిద్ధం చేసుకొని రోడ్డు పక్కన కూర్చున్నాడు. పక్క చేన్లోళ్లంతా విత్తేసినారు. "యాడుండాదప్పా లారీ?" అని ఎస్టీడీ బూతు నుంచి దినమూ ఫోను చేసేవాడు. "దారిలో ఉండాదన్నా" అని దినమూ అదే జవాబు. వాళ్లదేం దారో వాళ్లకే తెలియాల! మా మూటలు తక్కువని, లోడు నిండేదాకా బళ్లారి గోడౌన్లో పడేసినారని తర్వాత తెలిసింది.

పదహారో దినం వచ్చింది లారీ. పదును ఎప్పుడో ఆరిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. డ్రైవరును కడిగేద్దామని పోతాంటే నాయన చెయ్యి పట్టుకున్నాడు. "విత్తనం ముందర కొట్లాడగూడదు, ఊరుకో."

మా ఇండ్లల్లో అదొక పట్టింపు. గడప దాకా వచ్చిన విత్తనాన్ని వాపసు పంపరు, దాని ముందర గొంతు పెంచరు. అమ్మ మూటలకు పసుపు కుంకుమ పెట్టింది. ఆ డ్రైవరుకు సంగటీ ఊరిబిండీ గూడా పెట్టింది! వాడు లొట్టలేసుకుంటా తింటాంటే నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు.

డ్రైవరు సంతకానికని ఇచ్చిన రసీదు ఇంగ్లీషులో ఉండాది. ఇంట్లో డిగ్రీ చదివిందాన్ని నేనే గదా, చదివినా. "సరుకంతా బాగుండేట్టే ముట్టింది అని ఉండాది నాయనా."

"మూటలు సరిపోయినాయా?"

"సరిపోయినాయి."

"తడిసినాయా?"

"లేదు."

"అయితే నిజమే గదమ్మా," అని సంతకం పెట్టినాడు.

ఇంకొక వాన రాకపోతాదా అని విత్తనాన్ని దాచిపెట్టినాం. రాలేదు. ఆ ఏడు మా చేను బీడుగానే ఉండిపోయింది.

చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు, అనంతపురంలో వినియోగదారుల కోర్టుకు పోయినాం. లారీ ఆఫీసు తరఫు వకీలు నాయన్ను అడిగినాడు. "సరుకు చేరిందా?"

"చేరింది సామీ."

"ఒక్క మూటైనా తగ్గిందా?"

"లేదు సామీ."

"మరి మీకేం పోయింది?"

నాయన బిత్తరపోయినాడు. "పదును పోయింది సామీ," అన్నాడు.

వకీలు రసీదు ఎత్తి చూపించి, "అది ఇందులో ఎక్కడుంది?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

కేసు పోయింది. తీర్పూ ఇంగ్లీషులోనే ఇచ్చినారు. బస్టాండులో కూర్చున్నాక నాయన "చదువమ్మా" అన్నాడు. చదివి చెప్పినా. ఫలానా దినానికి చేరుస్తామని రసీదులో రాసిలేదంట. నిజమే. సరుకు చెడకుండా చేరిందంట. అదీ నిజమే. మేం చెప్పిందీ నిజమే. అన్నీ నిజాలే అయితే మేం ఓడిపోయిందెట్లబ్బా? అన్నీ చదివినా గానీ ఒక్క వాక్యం మాత్రం మింగేసినా.

నాయన కండువాతో మొగం తుడుచుకున్నాడు. "పోనీలేమ్మా. ఆ కాగితంలో వాన సంగతి రాసేదానికి చోటు యాడుంటాది?"

చోటుండాది. సంతకానికి పైన, రెండు వేళ్ల వెడల్పున ఖాళీ. ఏమన్నా అభ్యంతరముంటే ఇక్కడ రాయండి అని దాని పక్కనే ఇంగ్లీషులో ఉండాది. లారీ వచ్చిన పొద్దే నేను చూసినా. చిరిగిన మూటల కోసం పెట్టింటారులే అనుకొని నాయనకు చదివి చెప్పలేదు. తీర్పులో నేను మింగింది గూడా ఆ సంగతే. ఆలస్యమైందని ఆ ఖాళీలో ఒక్క ముక్క రాసింటే దావా నిలబడుండేదంట.

నాయన నా మొగంలోకే చూస్తాండాడు.

"యాడుంటాదిలే నాయనా," అన్నా.