బూట్ల పాటకు తీన్మార్

ఎనభైల్లో హన్మకొండలో పంక్ రాక్ పాడిన మొదటివాణ్ని నేనే. నేను చెప్పే కోతల్లో ఇది లేదు. కావాలంటే ఆ రోజు చిందేసిన మఫ్టీ పోలీసును అడగండి.

మా హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర విదేశీ క్యాసెట్ ఉండేది. అందులో ఒక పాట ఏదో యుద్ధం మీద కట్టిందట. మూడు నిమిషాలు కూడా ఉండదు, పాడేవాడు అరుస్తూనే ఉంటాడు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ఆ అరుపు మాత్రం తెలిసిందే అనిపించింది.

అప్పటికి నెల కింద నా రూమ్మేట్‌ను పోలీసులు పట్టుకుపోయారు. అడవిలోని అన్నలకు అన్నం పెట్టావా అని అడిగి అడిగి, తొమ్మిది రోజులకు వదిలారు. వచ్చాక వాడు నోరు విప్పలేదు. మెస్సులో కూర ఎట్లుందన్నా తల ఊపడమే. వాడికోసం నేనూ ఒక అరుపు పాట రాశాను. అందులో బూట్లు, తుపాకులు, విరిగిన తలుపులు అన్నీ పెట్టాను. కాలేజీ డే నాడు వాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టి ఏడిపించాలని నా పథకం. ఏడిస్తే మాట పెగులుతుందని మా అమ్మ చెప్పింది.

గిటారు దొరికింది, రెండు తీగలు లేకుండా. డ్రమ్ముకే దిక్కులేదు. చివరికి పెళ్లి బ్యాండులో డ్రమ్ము కొట్టే ఒక మామను బతిమాలి తెచ్చాను. నర్సంపేట దాకా ఆయన లేనిదే బరాత్ కదలదని పేరు. పాట ఎంత గంభీరమైందో గంటసేపు చెప్పాను. అన్నిటికీ ఫికర్ చెయ్యకు బిడ్డా అన్నాడు. నేనూ చెయ్యలేదు. చెయ్యాల్సింది.

మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో నేను వేగం పెంచి అరవగానే, మామ చేతులు వాటంతటవే తీన్మార్‌లోకి జారాయి. బరాత్‌లో చిందేయించే ఆ దరువు వినబడితే మా ఊళ్లో పాడె మీది శవం కూడా కాలు కదుపుతుంది. నేను తుపాకీ అని అరిస్తే వెనక బెంచీల్లో ఈలలు. మూడు వేలమంది లేచి ఆడారు. హాల్లో పట్టేది మూడు వందలే, అయినా ఆడారు. పాటలో తప్పు పట్టడానికొచ్చిన మఫ్టీ పోలీసు రుమాలు పళ్ల మధ్య పెట్టుకుని పాములా ఊగాడు. నేను మామ వైపు ఉరిమి చూశాను. మెచ్చుకున్నాననుకుని ఆయన ఇంకా జోరు పెంచాడు.

స్టేజీ దిగగానే మామను నిలదీశాను.

“గంత జోరుగ పాడితే తీన్మార్ గాక ఇంకేం కొడ్తరు బిడ్డా? జర మెల్లగ ఏడ్వకపోయినవా?”

ముందు వరసలో నా రూమ్మేట్ ఒక్కడే ఆడకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూలబడి మామనూ ఊరినీ కలిపి తిట్టడం మొదలుపెట్టాను. వాడు స్టేజీ వైపే చూస్తున్నాడు.

“అంత మంచిగనే ఉన్నది గని,” అన్నాడు ఇన్నాళ్లూ వాడక గీరుకుపోయిన గొంతుతో, “పెండ్లిపిల్లగాడు ఏడిరా?”

నేను చించుకున్న గొంతు గురించి ఒక్క ముక్క లేదు. ఒళ్లు మండిపోయింది. అయినా వినబడనట్టు చెవి వాడి నోటి దగ్గర పెట్టి, “ఏందిరా?” అన్నాను.