వంతెన కింద భిన్నాలు

ఈ జూన్‌లో బడులు తెరిచిన రెండో రోజు మా మనవరాలు కొత్త పుస్తకాల కట్ట తెచ్చి నా మంచం మీద కుమ్మరించింది. ఐదో తరగతి దాటి ఆరులోకి వచ్చింది కాబట్టి ఇంట్లో దాని నడకే మారిపోయింది. పుస్తకాలను రెండుసార్లు చూసుకుని, మొహం చిన్నబుచ్చుకుని, "అమ్మమ్మా, ఈవీఎస్ బుక్ ఇయ్యలేదు, మర్చిపోయినట్టున్నరు" అంది. ఆ పరిసరాల పుస్తకం ఎక్కడికీ పోలేదని, ఆరో తరగతికి వచ్చేసరికి రెండుగా చీలి సగం సైన్సులోకి, సగం సోషల్‌లోకి పోయిందని చెప్పాను. నమ్మలేదు. బాన్సువాడలో ముప్పయ్యేళ్లు ఒక ఆఫీసులో పనిచేశాను, నా సంతకం పడితే గానీ కదలని కాయితాలు ఎన్నో చూశాను. ఈ ఇంట్లో మాత్రం నా మాటకు ఇంకొకరి సాక్ష్యం కావాలి. వాళ్లమ్మను అడగడానికి ఆ పిల్ల వంటింట్లోకి పోయింది. నేను లెక్కల పుస్తకం తెరిచాను. భిన్నాల పాఠం దగ్గర ఒక గుండ్రటి రొట్టె బొమ్మ, అందులో పావు వంతుకు రంగు. కొత్త కాయితం వాసన పీల్చుకుంటూ అలాగే గోడకు ఆనుకున్నాను. మధ్యాహ్నం పూట నిద్రా మెలకువా కలిసిపోయే వేళ అది. అరికాళ్ల కింద చల్లటి ఇసుక తగిలినట్టయింది.

మా ఊరు బీర్కూర్ వైపు, నిజాంసాగర్ కాలువ నడిచి నడిచి అలసిపోయే చోట ఉంటుంది. మొదట్లో ఉన్నవాళ్ల మళ్లు నిండుగా తళతళలాడుతుంటే, మా దగ్గరికి వచ్చేసరికి కాలువలో కప్ప మునిగేంత నీళ్లు కూడా ఉండేవి కావు. మాకున్న అర ఎకరం ఆఖరి తూము కింద ఆఖరి మడి. అందులో పండేది ఇంటికి చాలదు కాబట్టి మా అవ్వ కూలికి పోయేది. మా వైపు అమ్మను అవ్వ అనే అంటాం. ఇక మా బడి అంటే ఒక్కటే గది, అందులో ఐదు తరగతులు, అన్నింటికీ ఒకే సారు. ఆయనది మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి ఊరు. పాఠం తెలుగులో చెప్పేవాడు, ఎక్కం మరాఠీలో గొణుక్కునేవాడు, జవాబు మళ్లీ తెలుగులో బయటికి వచ్చేది. పొద్దున ఒకటో తరగతి పిల్లల చెయ్యి పట్టుకుని దిద్దించడంతో మొదలుపెట్టి వరసగా పైకి వచ్చేవాడు. ఐదో తరగతి దాకా చేరేసరికి ఇంటిబెల్లు కొట్టే వేళయ్యేది. ఆ బెల్లు కొట్టేది కూడా మేమే. ఆయన ఒక తరగతి దగ్గర ఉంటే, ఐదో తరగతిలో ఉన్న మేం నలుగురం మిగతా తరగతులకు పాఠాలు చెప్పేవాళ్లం. అందువల్ల ఒకటో తరగతికి చదువు చెప్పడం మాకు అద్భుతంగా వచ్చు. మా సొంత లెక్కల పుస్తకంలో రెండో సగం మాత్రం కొన్ననాటి మాదిరే మడత నలగకుండా ఉండేది.

ఎండాకాలం సెలవులకు పది రోజుల ముందు దాకా ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. బాన్సువాడ పెద్దబడిలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ఊళ్ల నుంచి ఆరో తరగతికి వచ్చే పిల్లలకు అక్కడి పెద్దసారు ముందుగా ఒక చిన్న లెక్కల పరీక్ష పెట్టేవాడు. తప్పినవాళ్లను ఇంకో ఏడాది ఐదే చదువుకోమని వాళ్ల ఊరి బడికి తిప్పి పంపేవాడు. ఆరులో హిందీ కొత్తగా వస్తుంది, ఇంగ్లీషు పెద్దదవుతుంది, పరిసరాల పుస్తకం రెండు ముక్కలవుతుంది, గంటకో సారు మారతాడు. ఇంత బరువు ఎత్తే ముందు పిల్లల కాళ్లు గట్టివో కావో చూసుకోవాలని ఆయన వాదన. ఆ కబురు అందిన రోజు మా సారు మా పుస్తకాలు అడిగి తీసుకుని, భిన్నాల పాఠం నుంచి ఆఖరి పేజీ దాకా తిప్పి చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

ఇంటికి పోయి పరీక్ష సంగతి అవ్వకు చెప్పాను. పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది. కోపమేమీ లేకుండానే అంది, "మల్లా గా ఐదోదే సదువుడైతే ఇగ సాలు బిడ్డా. నా ఎంబడి నాట్లకు రా." అవ్వకు నా చదువు ఇష్టం లేక కాదు. నాటేసే వరసలో ఈ యేడు తన పక్కన తన బిడ్డ ఉంటుందేమోనని అప్పటికే తోటి ఆడవాళ్లతో అనుకుందట. పొద్దుగూకేదాకా నడుం వంచే మనిషికి పక్కన ఒక సొంత మనిషి ఉంటే బాగుండుననిపించడంలో తప్పేముంది? నాకేమో బస్సెక్కి బాన్సువాడ పోవాలని ఉంది. గంటకో సారు మారడమంటే ఎలా ఉంటుందో కళ్లారా చూడాలని ఉంది. అంత ఆశ నాకు మళ్లీ దేనిమీదా కలగలేదు, పెళ్లి మీద కూడా.

సెలవులిచ్చిన మర్నాడే మా సారు సైకిల్ మీద ఊళ్లో దిగాడు. బడిది రేకుల కప్పు. ఎండాకాలం అందులో కూర్చుంటే వడియాల్లా ఎండిపోవాల్సిందే. యాసంగి పంట కోతలు అయిపోయి, నీళ్లు ఆపేసి, కాలువ ఖాళీగా పడి ఉంది. దాని మీద ఎడ్లబండి పోయేంత వంతెన ఒకటి ఉంటే, మమ్మల్ని దాని కిందికి దింపాడు. అటూ ఇటూ తెల్లగా మండే ఎండ, మధ్యలో రాతి కమాను నీడ, కింద లోపలి తడి ఇంకా ఆరని ఇసుక. మాకు అది రాజుగారి కొలువు లాగే అనిపించింది. ఒకరం "పావు" అంటే వంతెన కూడా "పావు" అనేది. నలుగురం కలిసి ఎక్కం చదివితే నలభై మంది చదివినట్టు ఉండేది, ఆ నలభై మందిలో ఎవరు తప్పు చదివారో సారుకు తెలిసేది కాదు. పైనుంచి బండి పోతే మా నెత్తిన దుమ్ము రాలేది. బండి దాటేదాకా సారు వేలెత్తి ఆగి, సరిగ్గా ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవాడు.

ఆయన ఇంటి నుంచి జొన్నరొట్టె తెచ్చేవాడు. దాన్ని ఇసుకలో గీసిన గీతల పక్కన గుడ్డ పరిచి పెట్టి, సగం చేసి, సగంలో సగం చేసి, గీత కింద రాసేది ఎన్ని ముక్కలు చేశామో, పైన రాసేది ఎన్ని తిన్నామో అని చెప్పేవాడు. నాకు లవం, హారం ఈ రోజుకీ అంతే. మా నలుగురిలో ఒకడు మా మేనమామ కొడుకు, నాకు బావ, జవాబు చెప్పకముందే ముక్క నోట్లో వేసుకునేవాడు కాబట్టి వాడికి తీసివేత బాగా వచ్చింది. రొట్టె అయిపోతే మామిడికాయ, అదీ అయిపోతే నిమ్మకాయ. భోజనాల తర్వాత సారు మొహం మీద తువ్వాల కప్పుకుని, వింటున్నాను చెప్పండి అని పడుకునేవాడు. రెండు నిమిషాల్లో గురక మొదలయ్యేది. మేం మానేవాళ్లం కాదు. ఒకరికొకరం పాఠం చెప్పుకోవడం మాకు అలవాటే కదా. ఎన్ని రోజులు అలా కూర్చున్నామో చెప్పలేను. తలుచుకుంటే అదంతా ఒకే ఒక్క పెద్ద మధ్యాహ్నంలా ఉంటుంది, మేకలు గట్టు మీద నుంచి తలలు వంచి మమ్మల్ని చూస్తుంటాయి. ఒకరోజు సారు తువ్వాల తీయకుండానే నెమ్మదిగా అన్నాడు. "తప్పు నాదే బిడ్డా. యేడంత మీ దాంక నేను రానేలేను." మేం ఇసుక చెరిపి, మళ్లీ గీతలు గీసుకున్నాం.

జూన్‌లో ఆయనే మమ్మల్ని బస్సులో బాన్సువాడ తీసుకుపోయాడు. పెద్దబడిలో ఒక్కో తరగతికి ఒక్కో గది ఉండడం చూసి మా బావ, ఇన్ని గదులు ఊడ్చేది ఎవరని అడిగాడు. నలుగురినీ ఒకే వరసలో కూర్చోబెట్టారు. పది లెక్కలు. తొమ్మిది మేం వంతెన కింద తిన్నవే. పదోది ఇలా ఉంది: ఒక కాలువ నీళ్లలో సగం మొదటి మడికి, పావు వంతు రెండో మడికి పోయింది, మూడోదైన ఆఖరి మడికి మిగిలేది ఎంత? మొత్తం కాయితంలో నాకు బాగా తెలిసిన ప్రశ్న అది. ఆలోచించే పని కూడా లేకపోయింది. 'ఏమీ మిగలదు' అని రాసి, కింద గీత కొట్టాను.

గంట తర్వాత పెద్దసారు మమ్మల్నీ మా సారునూ తన గదికి పిలిపించాడు. వాళ్లది కోస్తా నుంచి వచ్చి, కాలువ మొదట్లో భూములు కొని స్థిరపడిన కుటుంబం. మాట మెత్తన, చూపు మాత్రం గట్టిది. నాలుగు కాయితాలూ పక్కపక్కన పరిచాడు. నలుగురూ ఒకే తప్పు చేశారు, అదీ ఒకే మాటల్లో. ఇది చూచిరాత కాకపోతే ఏమిటి, ఇలాంటి పిల్లల్ని ఎలా చేర్చుకోను అని మా సారును అడిగాడు. ఎండాకాలమంతా సైకిల్ తొక్కిన మనిషి, దొంగతనం చేసి దొరికినవాడిలా తల దించుకుని నిలబడ్డాడు. నాకు నాట్ల వరస కళ్ల ముందుకు వచ్చేసింది. అయినా ఎలాగో మాట పెగిలింది.

"చూసి రాయలే సార్. మాది ఆఖరి మడి. మా దాంక నీళ్లు రావు."

పెద్దసారు కళ్లద్దాలు తీశాడు. మా బావ వైపు తిరిగి, నువ్వెందుకు రాశావని అడిగాడు. వాడూ అదే చెప్పాడు. మిగతా ఇద్దరూ అదే చెప్పారు. ఆయన నా కాయితం విడిగా తీసి ముందు పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

"రావాల్సింది ఎంతమ్మా?"

"పావు వంతు సార్."

ఆయన కాయితం నా వైపు జరిపి, అది కూడా రాయమన్నాడు. నేను ముందు రాసిన జవాబు కొట్టేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, దాన్ని అలాగే ఉంచి పక్కన రాయమన్నాడు. నలుగురం రాశాం. అప్పుడు సొరుగు తీసి, ఆరో తరగతి హాజరు పట్టీలో మా పేర్లు ఎక్కించాడు. మా సారు మమ్మల్ని బస్టాండుకు తీసుకుపోయాడు. అక్కడ మాకు గోలీసోడా తాగించాడు. సెలవులన్నాళ్లూ కాలువలోనే కూర్చుని రొట్టె కోశాను, మామిడికాయ కోశాను, నీళ్ల లెక్క ఒక్కటి చేయించాలని తోచలేదు చూడు అని తనలో తాను నవ్వుకుని, తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

అవ్వ నారుమడి దగ్గర ఉంటే ఉరికిపోయి చెప్పాను. "మంచిగైంది తియ్" అంది. మోచేతితో నా మొహం మీది చెమట తుడిచింది, చేతులకు బురద ఉంది కాబట్టి. బస్సులో పదిలంగా కూర్చోమని, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టొద్దని చెప్పింది. తర్వాత అటు తిరిగి, పక్క మడిలో ఉన్నామెతో, ఈసారి నా పక్కకు మీ పిల్లను తోలు అక్కా అనడం వినబడింది. మామూలుగానే అంది.

కాలువకు నీళ్లు వదిలి, నాట్లు మొదలైన రోజు నేను బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రోడ్డు వెంట మళ్లలో ఆడవాళ్లు వరసగా వంగి ఉన్నారు. అన్నీ రంగు వెలిసిన చీరలే, అన్నీ వంగిన నడుములే. ఆ వరసలో అవ్వ ఉందని తెలుసు. ఎవరో పోల్చుకోలేకపోయాను. బస్సు దాటిపోయింది. నేను ఒళ్లో ఉన్న హిందీ వాచకం తెరిచి మొదటి అక్షరం మీద వేలు పెట్టుకున్నాను, అవ్వను గుర్తుపట్టలేదన్న ఫికరు కూడా పడలేదు. ఐదు నుంచి ఆరుకు పోవడానికి నాకు ఒక్క ఎండాకాలం సరిపోయింది. ఆ రోజు అవ్వ పక్కన ఎంత జాగా ఖాళీ చేసి వచ్చానో తెలియడానికి మాత్రం, అవ్వ పోయి ఇన్నేళ్లయ్యాక, ఈ వయసు రావలసి వచ్చింది.