సెల్లార్లో వెలిగిన లైటు

ఆ చలికాలమంతా మా పాత కారు నిద్రలోనే ఉండేది. పొద్దున్నే ఇబ్రహీంపట్నంలోని స్కూలుకు బయల్దేరదామని తాళం తిప్పితే, టిక్కుటిక్కుమని ఊరుకునేది. కృష్ణా నది మీది మంచు భవానీపురం వీధులు దాటి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి కూడా వచ్చి తచ్చాడేది. ఆ మంచులో నిలబడి నేను కారునీ, దాన్ని నాకు అంటగట్టిన మా ఆయననీ కలిపి తిట్టుకునేదాన్ని. పక్క బండి బ్యాటరీకి వైర్లు తగిలిస్తే గానీ అది కదిలేది కాదు.

మెకానిక్ మీటరు పెట్టి చూశాడు.

"బ్యాటరీ బానే ఉందండి. ఛార్జింగూ ఎక్కుతోంది. బండి ఆపాక ఏదో కరెంటు లాగేస్తోంది. లైటు గానీ వదిలేస్తున్నారేమో చూసుకోండి మేడం."

నేను వదిలేయడమా? ఉక్రోషం వచ్చింది. ఆ సాయంత్రం కిందికి దిగాను.

సెల్లారంతా మసక. మా కారులో మాత్రం పసుపు వెలుగు. వెనక సీట్లో, తలమీద ముసుగుతో మా అత్తయ్యగారు. ఒళ్లో బైబిలు. ఎప్పట్నుంచో లాక్ పడని ఆ వెనక డోరును వెలుగు కోసం కాస్త తెరిచి పెట్టుకున్నారు. పైకి గొంతెత్తితేనే ఆవిడకు ప్రార్థన చేసినట్టుంటుంది. ఆ చప్పుడు భరించలేకపోతున్నామని పక్క ఫ్లాటువాళ్లు అన్నప్పటి నుంచీ ఇంట్లో ఆ గొంతు వినపడలేదు. ఆవిడ వాకింగుకు వెళ్తున్నారనే మేం అనుకున్నాం.

"ప్రభువా, మా కోడలి కారును ముట్టండి తండ్రీ. పొద్దున్నే బిడ్డ నడిదారిలో నిలబడిపోకుండా చూడండి."

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. స్తంభం వెనక్కి జరిగాను.

ప్రార్థన ముగించి, మళ్లీ ఎవరేమంటారోనని ఆవిడ డోరును చప్పుడు కాకుండా మెల్లగా ఆనించి వెళ్లిపోయారు. అది పూర్తిగా పడలేదు. లోపల లైటు అలాగే ఉంది, తెల్లార్లూ వెలగడానికి.

నిజం చెబితే ఆవిడ మళ్లీ ఆ సీట్లో కూర్చోరు. ఇంక ఆవిడకు గొంతెత్తే చోటే ఉండదు. అందుకే రోజూ ఆవిడ పైకి వచ్చాక, చెత్త పారేసే వంకతో నేను దిగి డోరు వేయడం మొదలుపెట్టాను.

కొన్నాళ్లకు కారు ఒక్క తిప్పుకే లేవసాగింది.

"దేవుడు విన్నాడమ్మా," అన్నారు అత్తయ్యగారు, క్యారేజీ చేతికిస్తూ.

"విన్నాడండీ," అన్నాను.

ఆ సాయంత్రం కూడా లైటు వెలుగుతూనే ఉంది. సీటు ఇంకా వెచ్చగా ఉంది. కాసేపు ఆ వెలుగులో కూర్చున్నాను. తర్వాత దిగి, అపార్ట్‌మెంట్ అంతా వినపడేలా డోరు వేశాను.