దారం పైసలు

మొన్న మంచిర్యాల అంగడికి పోతే, ఒక పిల్ల బల్ల మీద జొన్న లడ్డూల డబ్బాలు పెట్టుకొని కూసున్నది. డబ్బా ఎంత బిడ్డా అని అడిగిన. నూట యాభై అన్నది. నేను ఇంక నోరు తెరువనే లేదు, "మీకైతే నూట ఇరువై ఇయ్యుండ్రి ఆంటీ" అన్నది. సంచిల చెయ్యి పెట్టి పైసలు తీసేలోపట "వందైనా సరే" అన్నది. నేను బేరం చేసింది లేదు, మొఖం చిట్లించింది లేదు. తనతోని తానే బేరమాడి తానే ఓడిపోయింది. నాకు నవ్వొచ్చింది. నూట యాభై ఆమె చేతుల పెట్టి వచ్చిన గాని, తొవ్వ పొడుగూత ఇరువై ఏండ్ల కిందటి నేనే యాదికొచ్చిన.

అప్పుడు మేము నస్పూర్‌ల ఉంటుంటిమి. మా ఆయనకు మోకాలు చెడిపోయి బాయి పని బందు పెట్టిండు. బొగ్గుబాయిలకు మా దిక్కు బాయి అనే అంటరు. నాకు వచ్చిన పని ఒక్కటే, బొంతలు కుట్టుడు. జనం పాత చీరెలు, ధోతులు మూట గట్టి తెచ్చిస్తరు. వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల కాంచి నడిమికి సన్నంగ కుట్టుకుంట రావాలె. మూట ఇప్పంగనే ఆ ఇల్లు ఎట్లాంటిదో నాకు తెలిసిపోయేది. కొన్ని చీరెలు కలరా ఉండల వాసన, కొన్ని పసుపు వాసన. ఒకామె అత్త చీరెలు తెచ్చి, "గివి అడుగు దిక్కు ఎయ్యక్కా, నేను మీద పండుకుంట" అన్నది. ఎంత అని అడిగితే నాది ఒక్కటే మాట: "బట్ట మీదే గద, దారం పైసలు ఇయ్యుండ్రి చాలు." అరువయ్యో డెబ్బయ్యో ఇచ్చెటోళ్లు. మా అవ్వ వాడకట్టు మొత్తానికి, బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికి ఊకనే కుట్టిచ్చింది. నేను దారానికి తీసుకునుడే ఆశపోతుతనం అనిపించేది.

నా జతకు గోడ పక్కింటి ముస్లిం పెద్దామె కుట్టేది, ఖాలా అని పిలుస్తుంటి. భర్త లేడు, పిల్లలు లేరు. పుట్టింది ఆదిలాబాద్‌ల గాబట్టి తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు ఒక్క ఊపిరిల మాట్లాడేది. బొంతను గోధడి అనేది. ఆమె ఆ మూలకు, నేను ఈ మూలకు కూసొని మొదలుపెడితే ఆరో దినం నడిమిట్ల కలుసుకునెటోళ్లం. ఆమె కుట్టు ముందల నా కుట్టు పిల్లలు గీసిన గీతల లెక్క ఉండేది. వచ్చిన దాంట్ల చెరి సగం. ఆమె తమ్ముడు ఆదిలాబాద్‌ల పత్తి మిల్లుల పని చేస్తుండె. వచ్చి మా దగ్గరుండు అక్కా అని ఎప్పుడూ పిలిచెటోడు. ఆమెకు ఇష్టం లేకుండె. "తమ్ముని ఇంట్ల రొట్టె తినాలంటే ముందుగాల మరదలి మొఖం చూడాలె" అనేది. కాని ఇంటి కిరాయి పెరిగింది. "గిట్లనే ఉంటే వానకాలం దాటంగనే పోత బేటీ. నాకు నా తలుపు నేనే వేసుకునే యోగం లేదనుకుంట" అని ఒకనాడు సూది ఆపకుంటనే చెప్పింది. ఆమె లేని వాకిలి తలుచుకుంటేనే భయమైంది, కాని ఏం చెయ్యాల్నో తెలువలే.

ఆ ఎండకాలం మా చర్చిల కోత పండుగ వచ్చింది. పండిన దాంట్ల తొలి భాగం అందరు దేవునికి తెస్తరు. ఆరాధన అయినంక చర్చి ముందట వేలం పాట. గుమ్మడికాయ, కోడిపుంజు, బియ్యం సంచి, ఏదైనా అంగడి ధర కంటె రెండింతలు మూడింతలు పోతది, ఎందుకంటే ఆ పైసలు చర్చి పనికి. మాకు పొలం లేదు, ఖాలాతోని కలిసి కుట్టిన ఒక బొంత పెట్టిన. ఖాలాను భోజనానికి పిలిస్తే ఆమె గూడ వచ్చి ఆడోళ్ల నడుమ కూసున్నది. బొంత పాటకు వచ్చింది. రెండు వందలు, నాలుగు, ఆరు. రిటైరైన సారొకాయన, బట్టల దుకాణమాయన పోటీ పడ్డరు. తొమ్మిది వందలు అనంగనే నాకు చెమటలు పట్టినయి. ఎవల్నో మోసం జేస్తున్నట్టే అనిపించింది. లేచి నిలవడ్డ. "అయ్యగారూ, జర ఆపుండ్రి. అది అంత చెయ్యదు. అన్ని పాత చీరెలే, దారం అరువై రూపాలది" అన్న. చర్చంత గొల్లున నవ్వింది. పాస్టరయ్య మైకు పట్టుకొని, "ఏందమ్మా, దేవునికి వచ్చేది నువ్వు తగ్గిస్తున్నవ్" అన్నడు. దుకాణమాయన నవ్వుకుంట చెయ్యి దించిండు, బొంత సారుకు పోయింది. నిజం చెప్పిన అనుకొని మురుసుకుంట కూసున్న. పక్కకు చూస్తే ఖాలా నవ్వుతలేదు.

ఇద్దరం ఇంటి తొవ్వ పట్టినం. మా గల్లి మలుపు కాడ ఖాలా ఆగింది. "నీ పనికి ఎంత పెట్టుకుంటవో, ఊకనే ఇస్తవో, అది నీ ఇష్టం బేటీ. గా బొంతల సగం నాది. అంతమందిల నిలవడి నా చేతులు అరువై రూపాలయని ఎందుకు చెప్పినవ్?" అన్నది. గొంతు పెంచలే. తిడితే బాగుండు అనిపించింది. నేను మంచితనం అనుకున్నది ఇన్నేండ్లు ఆమె కిరాయి పైసలు తినుకుంట వచ్చింది. ఆమెను ఆదిలాబాద్ తోలుతున్నది తమ్ముడు కాదు, నేనే. ఆ సాయంత్రం బోళ్లు తోముకుంట మస్తు ఏడ్చిన.

తెల్లారి ఖాలా ఏం జరగనట్టే వచ్చి కూసున్నది. "ఇద్దరం ఆరు దినాలు. పొలం కూలికి పోతే ఎంతిస్తరు?" అన్నది. లెక్క కడితే బొంతకు ఏడు వందల దాక అయింది. అంత ధర నోట్లెకెళ్లి తీసుడు నాతోని కాదంటే, "ముందుగాల దినాలు చెప్పు, ఎనుక ధర చెప్పు" అని నేర్పింది. మొదలు వచ్చినామెకు అట్లనే చెప్పిన. "బట్ట మాదే గద" అని మూట సంకల పెట్టుకొని పోయింది. ఎనుక నుంచి పిలువబోతే ఖాలా నా కొంగు పట్టుకున్నది. "పోనియ్యి. జర సబర్ చెయ్, ఓపిక పట్టు." పది దినాలు ఒక్కరు రాలే. నాకు కోపమొచ్చి రెండు దినాలు ఆమెకు చాయ్ గూడ ఇయ్యలే. పదకొండో దినం పోయినామెనే రెండు మూటలతోని వచ్చింది. ఇంకో కాడ కుట్టిస్తే ఒక్క ఉతుకుకే కుట్లు ఊడినయట. నేను ముందుగాల దినాలు చెప్పి, ఎనుక ధర చెప్పిన. సరే అన్నది. అంతే. అంత అల్కగ అనేసరికి నాకే అనుమానమొచ్చింది.

వానకాలం దాటింది, ఖాలా పోలే. ఆ తర్వాత పదిహేనేండ్లు తన కిరాయి తానే కట్టుకొని, తన తలుపు తానే వేసుకొని, ఆ ఇంట్లనే కన్ను మూసింది. నా ఇల్లు నిలవడ్డది, మా ఆయన మందులు నడిచినయి, అన్ని ఆమె నేర్పిన ఆ ఒక్క మాట పుణ్యమే. బతికుండంగ ఆమెకు ఈ సంగతి సక్కగ చెప్పలే, అందుకే ఇక్కడ చెప్పుకుంటున్న. ఇయ్యాల ఎవరొచ్చి అడిగినా బొంతకు ఎన్ని దినాలు, ఎంత ధర, తడబడకుంట చెప్త. ఆమె ఆ మూలకు, నేను ఈ మూలకు కూసొని గడిపిన దినాలకు ధర చెప్పుమంటే మాత్రం, నాకు ఇప్పటికి నోరు రాదు.