కంటికి కట్టుతో వచ్చిన మావయ్యగారు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. సెకండియర్ సిలబస్‌లో ఒక పాత ఇంగ్లీషు భయానక నవలిక ఉంది. అందులో ఒక పెద్దమనిషి, తనలోంచే ఇంకో మనిషిని బయటికి వదిలి జనాన్ని కొట్టిస్తాడు. అందులోని హింస గురించి ఏటా నోట్సు చెప్తాను. దిగమింగిన కోపం ఎక్కడికీ పోదు, అని. పరీక్షలో మార్కులొచ్చే మాట. అంతకు మించి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

మా నాన్న రావులపాలెం దగ్గర అరటి రైతు. తోటలో పనికొచ్చేవాళ్ళని కూడా అండీ అనే మనిషి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, చెల్లెలు వాణి మొగుడు ఆయన్ని అలాగే లెక్కగట్టాడు. అతను మొదటిసారి దాని మీద చెయ్యి చేసుకున్నప్పుడు, నాన్న మా వైపు పద్ధతిలో అల్లుణ్ణి పిలిచి, భోజనం పెట్టి, కొత్త బట్టలు పెట్టి, కూతుర్ని వెంట పంపించారు. కొట్టినవాడికి బట్టలేంటని నాకు ఒళ్ళు మండింది. మర్యాద చేస్తే సిగ్గుపడి మారతాడన్నారు నాన్న.

అతను సిగ్గుపడలేదు.

పోయిన వేసవిలో నాన్నకి కాకినాడలో కంటి శుక్లం ఆపరేషన్ అయింది. షుగర్ ఉందని రెండు రోజులు ఉంచారు. అప్పటికి వాణి మొగుడితో మాకు మాటల్లేవు గనక ఆ మరిదికి కబురు చెయ్యలేదు. మర్నాడు నాకు ఫోన్ చేసి, మేం ఎక్కడున్నామో కనుక్కుని, వాణి నేరుగా ఆస్పత్రికే వచ్చేసింది. పెదవి చిట్లింది, చెంప వాచింది. నాన్న కట్టులేని కంటితో దాన్ని చాలాసేపు చూశారు. టిఫిన్ తిన్నావా అని మాత్రం అడిగి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం దాకా లేవలేదు. నేను పక్కనే కూర్చుని, ఆ నవలిక మీద పిల్లలు రాసిన పేపర్లు దిద్దుతున్నాను. నర్సు వచ్చి కట్టు విప్పి, కంట్లో చుక్కలేసి మళ్ళీ కట్టినా ఆయనకి మెలకువ రాలేదు. లేచాక మంచినీళ్ళడిగారు. గ్లాసు పట్టుకోలేకపోయారు. అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. కట్టుకి వేసిన టేపు ఒంటికి పడలేదేమో అంది నర్సు. అరచేతులకి ఎవరూ టేపు వెయ్యలేదు.

కాసేపటికి ఫోనొచ్చింది. మధ్యాహ్నం మరిదిని అతని తోటలోనే ఎవరో చితకబాదారట. అరటిచెట్లకి ఊతంగా పెట్టే సరుగుడు కర్రతో కొట్టారు. కుడి చెయ్యి విరిగింది. ఎవరని అడిగితే మా నాన్న పేరే చెప్పాడు. మావయ్యగారి కంటికి తెల్ల కట్టు ఉందన్నాడు. దెబ్బదెబ్బకీ "ఏవండీ అల్లుడుగారూ" అని మర్యాదగా పిలుస్తూ కొట్టారన్నాడు.

పోలీసులొచ్చి వార్డులో కెమెరా చూశారు. నాన్న మంచం దిగలేదు. దెబ్బల మైకంలో ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో అని వదిలేశారు. నేనూ అలాగే అనుకుందును. కానీ ఆపరేషన్ సంగతే తెలియని మనిషికి ఆ కట్టు ఎలా కనిపించింది? ఆ బొబ్బలేంటి? ఒకసారి ధైర్యం చేసి నాన్నని అడిగాను.

"మగత నిద్రమ్మా. ఏం గుర్తులేదు. చేతులు మాత్రం బాగా నెప్పెట్టాయి" అన్నారు.

వాణి అప్పట్నుంచీ నాన్న దగ్గరే ఉంది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. పాఠం మాత్రం మునుపట్లా చెప్పలేకపోతున్నాను.

పోయిన వారం నేనూ నాన్న ఇంట్లో ఉన్నప్పుడు మరిది ఫోన్ చేశాడు. చెయ్యి బాగైందట. మధ్యాహ్నం వస్తానని, వాణి కదలకపోతే జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్తానని అన్నాడు. నాన్న భోంచేసి లోపల పడుకుని ఉన్నారు. లేపుదామని లోపలికి వెళ్తుంటే వాణి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాన్నని పడుకోనీ అక్కా" అంది.

దాని మొహంలో భయం లేదు. తలుపు దగ్గరగా వేసి, ఇద్దరం వచ్చి అరుగు మీద కూర్చున్నాం.

అతను రాలేదు. ఎందుకు రాలేదో మేం కనుక్కోలేదు.